స్థానిక నామం

చీటీలో ఒక్క గీత ఖాళీగా ఉంది.
శాస్త్రీయ నామం, రాశాను.
సేకరించిన చోటు: కొండవీడు, ఘాట్ రోడ్డు మూడో మలుపు,
ఎడమ పక్క సీతాఫలం పొదల్లో.
స్థానిక నామం దగ్గరికొచ్చేసరికి
పాళీ మీద సిరా ఆరిపోతోంది.

గుంటూరు కాలేజీలో, కలరా ఉండల వాసనేసే మేడ గదిలో
ఇరవై రెండేళ్లుగా ఎండిన మొక్కలకు పేర్లు రాస్తున్నాను.
మస్తాన్‌బీ రాత ముత్యాలంటారు సార్లు.
ముత్యాలు పేరుస్తున్నది పీనుగులకని
నేనూ ఎప్పుడూ అనలేదు.

శ్రావణంలో ఒక్కటే కనబడింది.
ఒకప్పుడు కంచెకొకటి అల్లుకునేదట.
గింజలకు కిలో లెక్కన రేటు కట్టారని తెలిశాక
దుంపలు కూడా మిగల్లేదు.
తల కిందికి వేలాడేసి, రేకులారూ వెనక్కి విరుచుకుని,
కిందటి వారం నిమ్మకాయ పచ్చన,
ఆ వేళ యార్డులో ఆరబోసిన మిరప ఎరుపు.
ఆకు కొస కొక్కెమై నా చున్నీ పట్టుకుంది.
విడిపించుకుంటుంటే, లాగొద్దంది పోలమ్మ.
"అదే వదుల్తది."

బ్రాడీపేటలో చిర్రావూరి మాస్టారు
పుస్తకం తెరవకుండానే చెప్పారు:
లాంగలి. అంటే నాగలి. దుంప చూడు, కర్రులా వంగుతుంది.
అగ్నిశిఖ, అది చూసీచూడగానే పెట్టిన పేరు.
అడవినాభి మన వాళ్లది.
నాభి అంటే బొడ్డు. నాభి అంటే విషం కూడా.
రెంటికీ ఒకే మాట ఏమిటి మాస్టారూ అంటే
"నిఘంటువు అర్థాలు చెబుతుందమ్మా,
కారణాలు చెప్పదు."
ఇంకోటుందని ఆగిపోయారు,
నలభై ఆరేళ్ల ఆడపిల్ల ముందు
కళ్లజోడు తుడుచుకుంటూ.
గర్భఘాతిని.
వెంటనే, తప్పు దిద్దుకున్నట్టు,
విశల్య అని కూడా అంటారన్నారు.
గుచ్చుకున్న ములికిని బయటికి తీసేదట.

మళ్లీ కొండకి వెళ్లాను.
తుపాకుల పోలమ్మ గడపలో కూర్చుని
ఈతచాప అంచు కడుతోంది.
పురుళ్లు పోయడం మానేసి పదేళ్లట,
నూట ఎనిమిది బండి వస్తోందిగా.
"అరగదీసి అరికాళ్లకి పూసేదాన్ని. బొడ్డు కింద కాసింత.
బిడ్డ కేరుమనగానే తుడిచెయ్యాల.
దానికేం తెలుసు, ఎంతవరకు తియ్యాలో?
బిడ్డ అయిపోతే పేగులడుగుద్ది."

ఎంతమందికి పోశావంటే
వేళ్ల మీద లెక్కపెట్టింది, కణుపు కణుపుకీ ఒక బిడ్డ.
కుడిచేతి చిటికెన వేలు దగ్గర ఆగింది.
ఆ వేలు మడిచింది.
మళ్లీ చాచలేదు. ఎడమ చేత్తోనే
చాప అంచు బిగించింది.

"మరి మీరేమంటారు దీన్ని?"
"దాన్ని ఎవురన్నా పేరెట్టి పిలుత్తారా?"
అంతే. చీకటి పడుతోందని
మలుపు దాకా దిగబెట్టడానికి వచ్చింది.
నేను చెప్పులో ముల్లు చూసుకుంటూ వెనకబడ్డాను.
పొద దగ్గర ఆమె గొంతు తగ్గించి,
పక్కింటి గోడ మీదుగా అన్నట్టు,
"వత్తానే నాంచారూ" అంది.

పువ్వుని వారం కింద పేపరు మడతలో అదిమాను.
ఈ రోజు తెరిచి చూస్తే
ఎరుపంతా కాగితానికి దిగింది,
మిర్చి ధరల మీద, క్వింటాళ్ల అంకెల మీద.
పువ్వు మాత్రం తేనీటి రంగు.

సారు అడుగుతారు, ఆ గీత ఎందుకు వదిలేశావని.
తెలియలేదంటాను.
లాంగలి తెలుసు, విశల్య తెలుసు,
అడవినాభి పిల్లకాయలకీ తెలుసు.
ఏదో ఒకటి రాసేస్తే సరిపోతుంది,
ఎవరూ పట్టించుకోరు.
చిటికెన వేలు కాగితానికి ఆనించి
రాయడం నాకలవాటు.
ఇవాళ అది
కాస్త ఎత్తి పట్టుకున్నాను.